ఇరవై ఒక్క పళ్ళు

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నా రాతలో తప్పులుంటాయి. ఒక అక్షరానికి పడాల్సిన ఒత్తు పక్కదానికి పడి ఉంటుంది. అరవయ్యో ఏట పలక పట్టినదాన్ని, ఒక పేజీ నిండాలంటే ఒక పూట పడుతుంది. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. ఇంత నెమ్మదిగా రాయడంలో ఒక మేలు కూడా ఉంది. అబద్ధం రాద్దామనుకునేలోపు చెయ్యి నొప్పి పుడుతుంది.

మా చదువుల పంతులమ్మ "మీ బతుకులో ఒక కాలం గురించి రాయండి" అంది. తక్కినవాళ్ళు పెళ్ళిళ్ళ గురించీ పురుళ్ళ గురించీ రాస్తున్నారు. నేను ఒక వానాకాలం గురించీ ఒక పాత సైకిలు గురించీ రాస్తాను. ఆదివారం లోపు పూర్తవాలి. ఎందుకో చివర చెబుతాను.

ఆ వానాకాలం మొదలయ్యేసరికి మా ఆయన పోయి రెండు నెలలు. నూలు మిల్లులో ఫిట్టరు ఆయన. ముప్ఫై ఏళ్ళు దూది దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఎండాకాలం మధ్యాహ్నం ఒకనాడు ఇక మా వల్ల కాదన్నాయి. అప్పటికి ఏడాది ముందే మిల్లు మూతపడింది. నేనూ అక్కడే దారం వడికే యంత్రాల దగ్గర పనిచేసేదాన్ని.

నేను ఏడవలేదు. గుండె రాయి చేసుకుందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. నేనేమీ చేసుకోలేదు, అది దానంతట అదే అయింది. మిల్లు మానేసి అంతకాలమైనా, మోచేతి మీద దూది పోగులు పట్టినట్టు దులుపుకుంటూ కూర్చునేదాన్ని. కూతురు చూసి, "ఏం లేదమ్మా అక్కడ" అనేది. "ఏం లేదు" అని నేనూ అనేదాన్ని. మళ్ళీ దులుపుకునేదాన్ని.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు అంతే ఉంది. అప్పుడు దానికి ఇరవై నాలుగేళ్ళు. ఒకరోజు తడి గొడుగు గుమ్మంలోనే వదిలేసి లోపలికి వచ్చింది. చేతిలో కాగితం ఉంది.

"ఉద్యోగం వచ్చిందమ్మా. కొండ అవతల నీళ్ళ ప్లాంటులో. నీళ్ళు పరీక్ష చేసే గదిలో."

"మంచిది."

"మూడు నెలలు చూసి ఉంచుకుంటారట. పొద్దున ఏడింటికల్లా ఉండాలి. మూడుసార్లు ఆలస్యమైతే ఇంటికి పొమ్మంటారట."

"అంత పొద్దున్నే బస్సేది?"

"మొదటి బస్సే ఏడింటికి. సైకిలు మీద పోతా. పద్నాలుగు కిలోమీటర్లేగా."

"మధ్యలో కొండ ఉంది."

"ఉంటే? కరుస్తుందా?"

కాలేజీలో ఉన్నప్పుడు అది సైకిలు పందేలకు వెళ్ళేది. చదునైన రోడ్ల మీద పందేలు. ఆ సైకిలు కాలేజీది, చదువైపోగానే తిరిగిచ్చేసింది. తొక్కడం దానికి బాగా తెలుసు. గేర్ల సంగతి, పళ్ళ సంగతి వాళ్ళ నాన్న చూసేవాడు. పందెం ముందురోజు ఆయనే ఏదో బిగించి, ఏదో మార్చి ఇచ్చేవాడు, ఇది ఎక్కి తొక్కేది.

"నాన్న లేడుగా. పాత సైకిలు కొనేటప్పుడు నువ్వు చూడాలి" అంది. "పళ్ళక్కవి నువ్వుండగా నాకేం?"

పళ్ళక్క అని మిల్లులో నాకు పెట్టిన పేరు. దారం నంబరు, అంటే దాని సన్నం లావు, మారినప్పుడల్లా యంత్రంలో ఒక పళ్ళచక్రం మార్చాలి. మా ఆయన యంత్రం కింద పడుకుని చెయ్యి చాచేవాడు, నేను పెట్టెలోంచి చక్రం తీసి ఇవ్వాలి. వాటి మీద అంకెలు చెక్కి ఉంటాయట. నాకు అప్పట్లో అంకెలు రావు, అవీ గ్రీజు పట్టి అరిగిపోయి ఉండేవి. అందుకని ఒక పన్ను మీద సుద్దతో చుక్క పెట్టి, బొటనవేలితో పన్ను పన్నూ తడుముతూ చుట్టూ తిరిగి మళ్ళీ చుక్క దగ్గరికి వచ్చేదాన్ని. చుక్క పెట్టిన పన్నును మొదట లెక్కపెట్టకూడదు, చివర లెక్కపెట్టాలి. కొత్తవాళ్ళు రెండుసార్లూ లెక్కపెట్టి ఒకటి ఎక్కువ చెప్పేవాళ్ళు. ఆ పూట దారమంతా పాడయ్యేది. నాకు ఎప్పుడూ తప్పలేదు. కరెంటు పోయినా, చీకట్లో అడిగినా ఇరవై నాలుగంటే ఇరవై నాలుగే తీసిచ్చేదాన్ని. ఆ మాట మా ఆయన ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.

మొదట నట్టు కొట్టుకు వెళ్ళాం. నట్టు సైకిలు మెకానిక్కు, మా ఆయన స్నేహితుడు. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా పెదాల మధ్య ఒక నట్టు ఉంటుంది. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో.

"రా వదినా. ఏమే పిచ్చుకా, రెక్కలుండగా చక్రాలెందుకే నీకు?"

"కొండ దాటాలి బాబాయ్. రోజూ."

నట్టు కొట్టు చివర వేలాడుతున్న ఒక సైకిలు దించాడు. వంపు హ్యాండిలు, సన్న టైర్లు, అన్నీ ఉన్నాయి. రంగు మాత్రం తడిసి ఎండిన అట్టపెట్టె రంగు. హ్యాండిలుకు చుట్టిన పట్టీ పీలికలై వేలాడుతోంది. పిచ్చుక ముఖం ముడుచుకుంది.

"అట్టపెట్టెలా ఉంది బాబాయ్."

"రంగు తొక్కుతావా, పెడలు తొక్కుతావా? ఇటు రా, పాత బండి ఎలా చూడాలో నేర్పుతా. మీ అమ్మా వింటుంది." కూర్చుని ఒక్కొక్కటే చూపించాడు. పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రం మీది గొలుసును వేళ్ళతో పైకి లాగాలి. పన్ను మొత్తం కనబడేంత ఎడం వస్తే గొలుసు సాగినట్టే. వెనక ఫ్రీవీలు పళ్ళు మొద్దుగా ఉండాలి, రంపం పళ్ళలా సూదిగా అయ్యాయంటే అరిగినట్టే. పెడలు పట్టుకుని పక్కకు ఊపితే లోపల టకటకమనకూడదు. చక్రం తిప్పి వదిలితే బ్రేకు రబ్బరుకు తగలకూడదు. గొట్టాలు కలిసేచోట రంగు ఉబ్బిందంటే కింద చీలిక ఉందేమో గోటితో గీకి చూడాలి.

"ఇవన్నీ రోగాలు. రోగం కుదర్చొచ్చు. పుట్టుక మార్చడం కష్టం. బండి పుట్టుక ఇక్కడుంటుంది" అని పళ్ళ మీద వేలు పెట్టాడు. "ముందు పెడళ్ళ దగ్గర చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం. ఈ రెండే కొండకు చుట్టాలు. తక్కినవన్నీ చదును రోడ్డు స్నేహాలు. లెక్కపెట్టు వదినా."

లెక్కపెట్టాను. ముందు ముప్ఫై నాలుగు, వెనక ముప్ఫై రెండు.

"అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టూ, పైన ఇంకాస్త" అన్నాను.

"అదీ! వెనక చక్రం ఎంత తక్కువ తిరిగితే పెడలు అంత తేలిక. ముసలమ్మ కూడా ఎక్కేస్తుంది. ఇంకోటి చూడు, గేరు మార్చే ఈ చెయ్యి. పొడుగ్గా ఉందా? వెనక పెద్ద చక్రం ఉన్న బండికి ఇంత పొడుగుండాలి. పొట్టి చెయ్యి ఉన్న బండి కొని, తర్వాత పెద్ద చక్రం వేద్దాంలే అంటే కుదరదు. గొలుసు అందదు."

"ఇంకొకటి చూసొస్తాం బాబాయ్" అంది పిచ్చుక.

"చూడవే. ఇది ఎక్కడికీ పోదు. దీన్ని ఎవరూ ఎత్తుకుపోరు కూడా."

ఆ రెండోది రిటైరైన డ్రిల్లు మాస్టారి ఇంట్లో ఉంది. ముందుగదిలో గోడకు రెండు కొక్కేలు, వాటికి ఎర్ర సైకిలు. మాస్టారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి కిందికి దించాడు. ఎరుపంటే అలాంటి ఎరుపు నేను మిల్లులో రంగు దారంలో కూడా చూడలేదు.

"రేసు బండమ్మా. కడుపున పుట్టిన బిడ్డలా చూసుకున్నా. మోకాలి చిప్ప మార్చారు, ఇక ఎక్కొద్దన్నారు. లేకపోతే ఇచ్చేవాణ్ణి కాదు."

"కొండ ఎక్కుతుందా సార్?" అంది పిచ్చుక.

"నేను దీని మీదే ఎక్కేవాణ్ణి అమ్మాయ్."

"ఏ వయసులో?" అన్నాను నేను.

"ఇరవై రెండు" అన్నాడాయన. అబద్ధం చెప్పే మనిషి కాదు.

నట్టు నేర్పినవన్నీ పిచ్చుక వరసగా చూసింది. గొలుసు లాగింది, పెడలు ఊపింది, చక్రం తిప్పింది, గోటితో గీకింది. దేనికీ వంక లేదు. నేను సుద్దముక్క అడిగాను. మాస్టారి ఇంట్లో సుద్దకు కరువా, పెట్టెడు తెచ్చి పెట్టాడు. నేల మీద కూర్చుని ముందు చిన్న చక్రం లెక్కపెట్టాను. ముప్ఫై తొమ్మిది. వెనక అన్నిటికంటే పెద్దది లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. గేరు చెయ్యి పొట్టిది.

పెడలు ఒక్క చుట్టుకు వెనక చక్రం దాదాపు రెండు చుట్లు. రోజూ వెళ్ళిరావాల్సిన ఆడపిల్లకు, ఆ కొండకు, అది బండి కాదు, శిక్ష.

తల ఎత్తి చూశాను. పిచ్చుక ఎర్ర గొట్టం మీద చెయ్యేసి నిలబడి ఉంది. రెండు నెలల తర్వాత దాని ముఖంలో నవ్వు లాంటిది కనిపించింది.

"ఎక్కుతుందా అమ్మా?"

"ఎక్కుతుంది" అన్నాను.

సుద్ద చుక్కను కొంగుతో తుడిచేశాను.

ఆ మాట ఎందుకన్నానో చాలా రోజులు నాకు నేనే ఒకటి చెప్పుకున్నాను. దాని నవ్వు చెరపడం ఇష్టంలేక అన్నానని. అది నిజం కాదు. కొండ ఎక్కలేకపోతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది. అంతే. కోపమూ లేదు, భయమూ లేదు, కుట్ర పన్నినట్టు కూడా లేదు. తలుపు గాలికి మూసుకుంటుంటే చూస్తూ కూర్చున్నట్టు, లేచి పట్టుకోకుండా కూర్చున్నట్టు ఉంది.

వానలు పట్టుకున్నాయి. పిచ్చుక అయిదింటికి లేచి, పసుపుపచ్చ రెయిన్‌కోటు తొడుక్కుని ఎర్ర సైకిలు మీద బయల్దేరేది. మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరేది. మొదటి వారం మాట్లాడుతూ తినేది. రెండో వారం తిని పడుకునేది. మూడో వారం కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రెండూ చేతులతో పట్టుకునేది.

"రెండో మలుపు దగ్గర దిగిపోతున్నానమ్మా. అక్కణ్ణుంచి తోసుకుంటూ పోతున్నా. మాస్టారు దీని మీదే ఎక్కేవాడట. నా కాళ్ళే ఉత్త వెదురు పుల్లలు."

"అలవాటవుతుంది" అన్నాను.

"నాన్న ఉంటే నవ్వేవాడు."

నేను వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, మోకాళ్ళకు కాపడం పెట్టేదాన్ని. తర్వాత నూనె రాసి పిక్కలు తోమేదాన్ని. నా బొటనవేలు దాని మోకాలి చిప్ప చుట్టూ తిరిగేది. మిల్లులో పళ్ళు తడిమిన వేలే. పొద్దున అది వంటింటి కిటికీ పట్టుకుని గుంజీలు తీసేది, కాళ్ళకు బలం రావాలని. యాభై తీసేది. ఆ లెక్క కూడా నాకు వినబడేది.

రెండో వారంలో ఒకసారి ఆలస్యమైంది. సూపర్‌వైజరు గోడ గడియారం వైపు చూశాడట. అయిదో వారంలో రెండోసారి. ఈసారి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడట.

ఆ శనివారం అది రెయిన్‌కోటు విప్పకుండానే వంటింట్లో పీట మీద కూర్చుంది. నీళ్ళు కారి నేల తడిసింది.

"నేనే మానేస్తానమ్మా. వాళ్ళు పొమ్మనేదాకా ఎందుకు? ఇంట్లోనే ఉంటా. నీకూ తోడుంటుంది."

నేను కోరుకున్న మాట అదే. అది నడిచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు. బాధ వస్తుందేమోనని చూశాను. అదీ రాలేదు. నేల మీద నీళ్ళు పొయ్యి వైపు పారుతున్నాయి, గుడ్డ తెచ్చి తుడిచాను.

"సోమవారం చూద్దాంలే" అన్నాను.

ఆదివారం అది మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని నిద్రపోతోంది. నేను సైకిలు కడుగుదామని వాకిట్లో తిరగేసి పెట్టాను. ఫ్రీవీలులో పది చక్రాలున్నాయి. తొమ్మిదింటి మీద దారి మట్టి నల్లగా పట్టి ఎండిపోయి ఉంది. పెద్దది ఒక్కటే అద్దంలా మెరుస్తోంది. పిల్ల అయిదు వారాలూ ఆ ఒక్కదాని మీదే ఉంది. దానికంటే తేలికది ఇంకోటి ఉంటుందేమోనని ఎన్నిసార్లు గేరు మీట నొక్కిందో.

సుద్ద తెచ్చి చుక్క పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. ఆ రోజు నాకు తప్పిందేమోనని. ఒకటి తప్పినా ఇరవై రెండే, దానికీ ఆ కొండ లొంగదు. అయినా తప్పి ఉంటే బాగుండుననిపించింది. ఇరవై ఒకటే.

సైకిలు తోసుకుంటూ బజారులోంచి నట్టు కొట్టుకు నడిచాను. నాకు తొక్కడం రాదు.

"ఏం వదినా, బండి నడిపించుకుంటూ వస్తున్నావ్? అలిగిందా?"

"దీని పళ్ళు మార్చాలి. అమ్మాయి ఎక్కలేకపోతోంది."

నట్టు కూర్చుని వెనక చక్రం ఒకసారి తిప్పాడు. పెదాల మధ్య నుంచి నట్టు తీసి చేతిలో పెట్టుకున్నాడు. అలా తీయడం నేను ఎప్పుడూ చూడలేదు, మా ఆయన పోయిన రోజు తప్ప.

"కొనేటప్పుడు ఎవరు లెక్కపెట్టారు?"

"నేనే."

"లెక్క తప్పిందా?"

"లేదు."

నట్టు నా వైపు చూడలేదు. నట్టును తిరిగి పెదాల మధ్య పెట్టుకుని స్పానర్ల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

అట్టపెట్టె సైకిలు ఇంకా అక్కడే వేలాడుతోంది. దాన్ని దించి, దాని ముందు చక్రాలూ పెడళ్ళూ, వెనక ఫ్రీవీలు, గేరు మార్చే పొడుగు చెయ్యి, పొడుగు గొలుసు అన్నీ విప్పాడు. ఎర్రదానివీ విప్పాడు. వీటినటూ వాటినిటూ మార్చాడు. మూడు గంటలు పట్టింది. నేను చక్రం పట్టుకున్నాను, అడిగిన స్పానరు అందించాను. కిందినుంచి చెయ్యి చాస్తే అందులో ఏదో పెట్టడం నా చేతులకు తెలిసిన పని. ఫ్రీవీలు బిగించేముందు నట్టు దాన్ని నా చేతిలో పెట్టాడు. నేను బొటనవేలితో చుట్టూ తిరిగి, "ముప్ఫై రెండు" అన్నాను.

వెళ్ళేటప్పుడు అన్నాడు: "పిచ్చుక అడిగితే ఏం చెప్పమంటావ్?"

"నువ్వేం చెప్పకు."

"నువ్వు చెప్తావా?"

నేను సైకిలు రోడ్డు వైపు తిప్పాను.

"సరే వదినా. నోట్లో నట్టున్నంతసేపు నేను మాట్లాడను. ఉమ్మేశానంటే మాత్రం నా పూచీ లేదు."

సోమవారం జల్లు పడుతోంది. నట్టు దగ్గర ఇరవై ఒక్క పళ్ళది తీయించి ముప్ఫై రెండు పళ్ళది వేయించానని మాత్రం పిచ్చుకతో చెప్పాను. పిచ్చుక వెళ్ళాక గొడుగు తీసుకుని వీధి చివరికి నడిచాను. అక్కణ్ణుంచి కొండ రోడ్డు రెండో మలుపు దాకా కనబడుతుంది. చాలాసేపటికి పసుపుపచ్చ చుక్క ఒకటి మెల్లగా పైకి వచ్చింది. కాళ్ళు కదురు తిరిగినట్టు తిరుగుతున్నాయి. రెండో మలుపు దగ్గర అది దిగలేదు. మలుపు తిరిగింది, ఇక కనబడలేదు.

ఇంటికొచ్చి గిన్నెలు కడిగాను.

మధ్యాహ్నం సైకిలు గోడకు ఆనించకముందే దాని గొంతు లోపలికి వచ్చింది. "అమ్మా! ఆరున్నరకే చేరిపోయా. గేటు కూడా తియ్యలేదు వాళ్ళు! వాచ్‌మన్ నన్ను చూసి దొంగనుకున్నాడు!" కుర్చీలో కూర్చోలేదు, నిలబడే తింటోంది. "నట్టు బాబాయే కనిపెట్టాడా? నువ్వు తీసుకెళ్ళి చూపించబట్టి సరిపోయింది. ఇరవై ఒకటి చాలదని నీకు తట్టలేదేంటమ్మా?"

నేను నోరు తెరిచాను.

"ఆ, మిల్లు లెక్క వేరు, కొండ లెక్క వేరు. నీకేం తెలుసులే పాపం" అని నా తరఫున అదే చెప్పేసి, నీళ్ళు తాగడానికి వెళ్ళింది.

తెరిచిన నోరు మూసుకున్నాను. మొదటిసారి, మాస్టారి ఇంట్లో, నోట్లోంచి మాట దానంతట అది వచ్చింది. ఈసారి మాత్రం నాకు తెలిసే మూసుకున్నాను.

మూడోసారి ఆలస్యం కాలేదు. వానలు వెనకబట్టేసరికి ఉద్యోగం ఖాయమైంది. పొద్దుటి పనివాళ్ళకు ప్లాంటు పక్కనే గదులిస్తారట, తోటి అమ్మాయితో కలిసి ఒక గది తీసుకుంది. సంచి వీపుకు తగిలించుకుని ఎర్ర సైకిలు మీద వెళ్ళింది. ఏం పెద్ద దూరం కాదు, పద్నాలుగు కిలోమీటర్లు. మధ్యలో కొండ ఉంది.

మిల్లు ఆఫీసు గదుల్లో ఆ మరుసటేడు గ్రంథాలయం పెట్టారు. మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పుతామన్నారు. నేను వెళ్ళాను. మిల్లు నుంచి తెచ్చుకున్న ఒక పాత పళ్ళచక్రం ఇంట్లో ఉంది. అంకెలు వచ్చాక దాని మీద చెక్కినది గ్రీజు గీకి చదివాను. నా బొటనవేలు చెప్పిందే రాసి ఉంది.

ఇదంతా ఏడేళ్ళ కిందటి మాట. పిచ్చుక నెలకు రెండు ఆదివారాలు కొండ దాటి వచ్చి కనబడి వెళుతుంది. ఆ వానాకాలం కబుర్లు వచ్చినప్పుడల్లా నట్టు బాబాయిని తలుచుకుంటుంది. నట్టు ఇప్పటికీ ఉమ్మలేదు.

పది రోజుల కిందట ఫోను చేసింది. ఎర్ర సైకిలు ఫ్రేము గొట్టాలు కలిసేచోట చీలిందట. అవతలి పక్క ఎవరో ఇంకో పాత సైకిలు అమ్ముతున్నారట.

"గొలుసూ, బ్రేకులూ నేను చూశా. బాగున్నాయి. పళ్ళ సంగతి నువ్వు చూడు. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం బస్సెక్కి రా అమ్మా. సుద్దముక్క నేను తెస్తా. నువ్వు ఊ అంటేనే కొంటా."

"ఈసారి నువ్వే లెక్కపెట్టుకో" అన్నాను.

"నా లెక్క మీద నాకు నమ్మకం లేదే. నీదైతే ఉంది."

ఆ రాత్రే ఈ కాగితాలు మొదలుపెట్టాను. ఇవాళ శుక్రవారం. రేపు పొద్దుటి బస్సు కండక్టరు చేతికిస్తే మధ్యాహ్నానికల్లా ప్లాంటు గేటు దగ్గర దానికి అందుతాయి. పంతులమ్మకు తర్వాత ఇంకో ప్రతి రాసిస్తాను, ఆమె ఏమీ అనుకోదు. ఇది చదివాక కూడా పిచ్చుక రమ్మంటే ఆదివారం బస్సెక్కుతాను. వెళ్ళి, దాని ముందు కూర్చుని, చుక్క పెట్టిన పన్నును చివర లెక్కపెట్టి, ఎంతుంటే అంత చెబుతాను.

పళ్ళక్క
వయసు అరవై అయిదు
మిల్లు వెనక వీధి, చివరి ఇల్లు, కొండకు ఇవతల